జీసీఎస్ఈలో లాటిన్: మా అమ్మాయి తీసుకుంటానంటోంది, మీ పిల్లల అనుభవం చెప్పండి

థేమ్స్‌గట్టు (మొదటి పోస్టు)

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరి దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఇయర్ 9. జీసీఎస్ఈకి (ఇక్కడ పదహారేళ్ల వయసులో రాసే పరీక్ష, మన పదో తరగతి లాంటిది) ఏ సబ్జెక్టులు కావాలో వచ్చే నెలలోపు ఆప్షన్స్ ఫారం ఇవ్వాలి. వాళ్ల స్కూల్లో ఏడో ఏడు (ఇయర్ 7) నుంచే లాటిన్ చెబుతున్నారు, దానికి అది బాగా నచ్చింది. ఇప్పుడు చిక్కేమిటంటే లాటిన్, కంప్యూటర్ సైన్స్ ఒకే బ్లాకులో పెట్టారు. రెండింట్లో ఒకటే దొరుకుతుంది.

మా ఆయన సాఫ్ట్‌వేర్. "ఎవరూ మాట్లాడని భాష రెండేళ్లు చదివి ఏం చేస్తుంది?" అంటారు. అత్తగారు ఫోన్లో "డాక్టర్ చదువుకి పనికొస్తుందట కదా, తీసుకోనివ్వండి" అంటున్నారు. అమ్మాయేమో పాంపే కథలు, ట్రాయ్ కథలు తప్ప వేరే మాట మాట్లాడదు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

చదువు భారం ఎంత ఉంటుంది? పరీక్ష ఎలా ఉంటుంది? మన పిల్లలు ఎవరైనా తీసుకున్నారా? నిజంగా తెలిసినవాళ్లు చెప్పండి.

---

గుంటూరు_డాక్టర్

మీ అత్తగారి మాట గురించి ముందు చెబుతాను, నేను ఆ రంగంలోనే ఉన్నాను కాబట్టి. మెడిసిన్ సీటుకి లాటిన్ అక్కర్లేదు. ఇక్కడ చూసేది ఏ-లెవెల్‌లో (జీసీఎస్ఈ తర్వాత చదివేది, మన ఇంటర్ లాంటిది) కెమిస్ట్రీ, బయాలజీ, ఆపైన ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. లాటిన్ చదివిందని ఎవరూ సీటు ఇవ్వరు.

అనాటమీలో పేర్లు లాటినే, నిజం. కానీ రోగాల పేర్లలో గ్రీకు పాలు చాలా ఎక్కువ. మేమంతా గుంటూరులో లాటిన్ అక్షరం తెలియకుండానే ఆ పేర్లన్నీ నేర్చుకున్నాం. మందుల చీటీ మీద మనూళ్లో డాక్టర్లు రాసే బి.డి., టి.డి.ఎస్., హెచ్.ఎస్. అన్నీ లాటిన్ ముక్కలే. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు, పడుకునే ముందు అని వాటి అర్థం. ఆ మూల మాటలు తెలియని డాక్టర్లు లక్షల మంది ఉన్నారు, వాళ్ల వైద్యానికి లోటేమీ రాలేదు.

కాబట్టి ఆ లెక్కతో తీసుకోవద్దు. పిల్లకి ఇష్టముంటే తీసుకోనివ్వండి. ఇష్టమున్న సబ్జెక్టులో మార్కులు కూడా బాగానే వస్తాయి.

---

లాటిన్‌టీచర్_బర్మింగ్‌హామ్

నేను ఇక్కడ ఒక సెకండరీ స్కూల్లో లాటిన్, క్లాసికల్ సివిలైజేషన్ (పాత గ్రీకు, రోమన్ నాగరికత) చెబుతాను. పుట్టింది కాకినాడ. తెలుగువాళ్ల మధ్య ఈ చర్చ చూసి చాలా సంతోషమేసింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

జీసీఎస్ఈ లాటిన్ ఇంగ్లండులో ఎక్కువ స్కూళ్లు ఓసీఆర్ బోర్డుతోనో, ఎడ్యుకాస్ బోర్డుతోనో రాయిస్తాయి. ఓసీఆర్ సంగతి చెబుతాను. మొత్తం మార్కుల్లో సగం భాష పేపరుకి. అందులో విద్యార్థి ముందెప్పుడూ చూడని లాటిన్ కథ ఇస్తారు. కొంత చదివి ప్రశ్నలకి జవాబు రాయాలి, కొంత ఇంగ్లీషులోకి అనువదించాలి. లాటిన్ నుంచి పుట్టిన ఇంగ్లీషు మాటల మీద కొన్ని ప్రశ్నలుంటాయి. ఆ తర్వాత వ్యాకరణ ప్రశ్నలకి జవాబు రాయడమో, చిన్న ఇంగ్లీషు వాక్యాలను లాటిన్‌లోకి మార్చడమో ఎంచుకోవచ్చు. దీనికి బోర్డు ఇచ్చే పదాల జాబితా సుమారు 450 మాటలు. పిల్లలు భయపడేంత ఎక్కువేమీ కాదు.

మిగతా సగం సాహిత్యం, సంస్కృతి. వచనం, పద్యం, రోమన్ జీవితం గురించిన పేపర్లలో రెండు రాయాలి. ఒక్కోటి 25 శాతం. పాఠ్యభాగాలు ముందే ప్రకటిస్తారు, క్లాసులో పంక్తి పంక్తీ చదువుతాం. పద్యంలో రోమన్ కవి వర్జిల్ తరచుగా వస్తాడు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో లాటిన్ హాయిగా సాగుతుంది. చాలా స్కూళ్లు వాడే కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్సు పుస్తకంలో పాంపే వ్యాపారి కేసిలియస్ కథలుంటాయి: అతని ఇంట్లో కుక్క, వంటవాడు, తోట, ఊళ్లో థియేటరు. పదో ఏడులో వాక్యాలు పొడవవుతాయి. పరోక్ష కథనం, సబ్జంక్టివ్ (కోరిక, షరతు వంటివి చెప్పే) క్రియలు వచ్చేసరికి కొందరు జారిపోతారు. అక్కడ వారం వారం కొంచెం కొంచెం చదివే అలవాటున్న పిల్లలే నిలబడతారు. చివరి నెలలో కూర్చుని నేర్చుకునే సబ్జెక్టు కాదిది.

మన పిల్లల గురించి ఒక మాట. ఇంట్లో తెలుగు బాగా మాట్లాడే పిల్లలకి లాటిన్‌లో కొన్ని విషయాలు వెంటనే పట్టుబడతాయి. క్రియ వాక్యం చివర రావడం వాళ్లకి వింత కాదు. "వచ్చాను" అంటే చాలు, నేను అని వేరే చెప్పక్కర్లేదు కదా, లాటిన్‌లో కూడా అంతే, ఎవరు వచ్చారో క్రియ చివరే చెబుతుంది. ఇంగ్లీషు ఒక్కటే తెలిసిన పిల్లలు దీనికి అలవాటు పడడానికి చాలా సమయం తీసుకుంటారు. మొదటి మాట కర్త, చివరి మాట కర్మ అని ఊహించేసి, కుక్క వంటవాణ్ణి తరిమితే వంటవాడు కుక్కని తరిమాడని రాస్తారు.

---

స్లౌ_శ్రీను

టీచర్ గారు చెప్పింది బావుంది, కానీ రెండోవైపు కూడా వినాలి. మా వాడు జీసీఎస్ఈ లాటిన్ రాశాడు. గ్రేడ్ 9 వచ్చింది, అన్నిటికన్నా పైది. ఇవాళ వాడి ముందు ఒక లాటిన్ పేరా పెడితే అర్థం చేసుకోలేడు.

ఎందుకంటే సాహిత్యం పేపర్లకి వాడు చేసింది బట్టీ. స్కూల్లో పాఠ్యభాగానికి ఇంగ్లీషు అనువాదం ప్రింట్ తీసి చేతికిచ్చారు. ఆ అనువాదం మొత్తం కంఠతా పట్టాడు. పరీక్షలో లాటిన్ పంక్తిలో మొదటి మాట, చివరి మాట గుర్తుపట్టి ఆ ముక్క రాసేశాడు. అలంకారాలు కూడా పట్టిక చేసి ఇచ్చారు, ఈ పంక్తిలో ఇది, ఆ పంక్తిలో అది అని.

నాకు ఇది చూస్తే మన ఇంటర్మీడియట్ సంస్కృతం గుర్తొచ్చింది. విజయవాడలో మా బ్యాచ్ అంతా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతమే తీసుకున్నాం. ఎందుకు? మార్కులొస్తాయని. జవాబులు తెలుగు లిపిలో, ఇంగ్లీషులో రాసేవాళ్లం. వందకి దగ్గర దగ్గర మార్కులు వచ్చాయి. ఒక్క శ్లోకం సొంతంగా విడదీసి అర్థం చెప్పగలిగినవాడు మాలో లేడు. తెలుగు వదిలేశాం, సంస్కృతం రాలేదు. రెండు వైపులా నష్టపోయాం. ఆ తర్వాత ఎన్నేళ్లకో పోతన పద్యం వింటే కళ్లలో నీళ్లొచ్చాయి, చదవాల్సిన వయసులో చదవలేదే అని.

కాబట్టి థేమ్స్‌గట్టు గారూ, మీరు స్కూల్లో అడగాల్సిన ప్రశ్న ఇది: పాఠ్యభాగం పిల్లలు లాటిన్‌లో చదువుతారా, లేక అనువాదం బట్టీ పడతారా? రెండోదైతే కంప్యూటర్ సైన్సే నయం.

---

లాటిన్‌టీచర్_బర్మింగ్‌హామ్

శ్రీను గారు చెప్పింది మా టీచర్ల మధ్య ఎప్పుడూ నలిగే విషయమే. సాహిత్యం పేపర్లో అనువాదం కంఠతా పట్టి గట్టెక్కే దారి ఉంది. టైం సరిపోని స్కూళ్లు ఆ దారిలో పోతాయి. వారానికి రెండు పీరియడ్లే ఇచ్చే చోట పాపం టీచర్ మాత్రం ఏం చేస్తారు?

కానీ భాష పేపరుకి బట్టీ పనిచేయదు, అది సగం మార్కులు. కథ కొత్తది, వాక్యాలు కొత్తవి. అందుకే నేను పదకొండో ఏడు మొదటి టర్ములో అనువాదం కాగితం ఇవ్వను. ముందు పిల్లలే రెండేసి పంక్తులు విడదీసుకురావాలి. తప్పులతో వస్తారు. ఆ తప్పుల మీదే క్లాసు నడుస్తుంది. రోజుకి అయిదారు పంక్తులకన్నా ముందుకు పోం. నెమ్మదిగానే ఉంటుంది, కానీ డిసెంబరు నాటికి పది పంక్తులు వాళ్లే లాక్కొస్తారు.

మీరు స్కూలుని అడగాల్సిన రెండో ప్రశ్న: పదో, పదకొండో ఏడుల్లో వారానికి ఎన్ని పీరియడ్లు? మూడుకి తక్కువైతే ఇంట్లో శ్రమ పెరుగుతుంది.

---

సిక్స్త్‌ఫార్మ్_పిల్ల

నమస్తే అండీ. మా అమ్మ ఈ చర్చ చూపించింది. నేను ఇయర్ 13, లాటిన్ ఏ-లెవెల్ చేస్తున్నాను. తెలుగులో టైపు చేయడం నెమ్మది, అయినా తెలుగులోనే రాస్తాను.

శ్రీను అంకుల్ చెప్పినట్టు బట్టీ పట్టినవాళ్లు మా క్లాసులో కూడా ఉన్నారు. నేను ఎందుకు పట్టలేదో చెప్తాను. మాకు వర్జిల్ కావ్యం ఈనియడ్ రెండో కాండ నుంచి కొంత భాగం పెట్టారు. ట్రాయ్ తగలబడుతుంటే కథానాయకుడు ఈనియస్ ముసలి తండ్రిని భుజాల మీద ఎత్తుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని పారిపోతాడు. భార్య క్రియూసా వెనకాల నడుస్తూ వస్తుంది. ఊరి బయటికి వచ్చి చూస్తే ఆమె లేదు. వెతుక్కుంటూ మంటల్లోకి వెనక్కి పరిగెత్తుతాడు. ఆమె నీడ కనిపించి, నువ్వు వెళ్లు, మన బాబుని చూసుకో అంటుంది. మూడుసార్లు ఆమె మెడ చుట్టూ చేతులు వేయబోతాడు. మూడుసార్లూ ఆ రూపం చేతుల్లోంచి జారిపోతుంది, గాలిలాగా, కలలాగా.

ఇది ఇంగ్లీషులో ముందే చదివాను. బాగానే ఉందనిపించింది. లాటిన్‌లో చదివినప్పుడు "మూడుసార్లు" అనే మాట వరసగా రెండు పంక్తుల మొదట్లో వస్తుంది. చేతులు వేయడం ఒక పంక్తి, జారిపోవడం తర్వాతి పంక్తి. ఇంక నాకు అనువాదం కాగితం చూడబుద్ధి కాలేదు.

ఏ-లెవెల్‌కి వచ్చాక తెలిసింది, అవే మూడు పంక్తులు ఆరో కాండలో మళ్లీ వస్తాయని. అక్కడ ఈనియస్ పితృలోకానికి వెళ్లి చనిపోయిన నాన్నని కౌగిలించుకోబోతాడు. అక్షరం మార్చకుండా అవే పంక్తులు. భార్యని పోగొట్టుకున్న చోటు, నాన్నని పోగొట్టుకున్న చోటు కవి ఇలా కలిపాడు. అనువాదకులు రెండు చోట్లా వేర్వేరు మాటలు వాడితే ఈ సంగతి తెలియదు కదా.

చదువు భారం గురించి: జీసీఎస్ఈలో రోజూ పదాలకి కాసేపు ఇస్తే చాలు. ఏ-లెవెల్ మాత్రం కష్టం. ముందెప్పుడూ చూడని పద్యం, వచనం రెండూ అనువదించాలి. నాకు ఇప్పటికీ రోమన్ చరిత్రకారుడు లివీ వాక్యాలు చూస్తే భయమే, ఒక్కో వాక్యం అరపేజీ ఉంటుంది.

---

పద్యాభిమాని

అమ్మా, ఎంత చక్కగా రాశావు! నేను తెనాలిలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మనవడు అమెరికాలో లాటిన్ చదువుతుంటే వీడియో కాల్‌లో వాడి పక్కన కూర్చుని కొంత నేర్చుకున్నాను. వాడు ఛందస్సు పాఠం చెబుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఇక్కడ తల్లిదండ్రులకి తెలియాలని రాస్తున్నాను.

లాటిన్ పద్యం ఇంగ్లీషు పద్యంలా ఊనిక మీద నడవదు. గురులఘువుల మీద నడుస్తుంది, అచ్చం మనలాగే. దీర్ఘం గురువు. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు. మన పిల్లలు తొమ్మిదో తరగతిలో నేర్చుకునే సూత్రాలే. వర్జిల్ వాడిన ఛందస్సులో పంక్తికి ఆరు గణాలు. మొదటి నాలుగు గణాల్లో భ గణమైనా (గురువు, రెండు లఘువులు) రావచ్చు, రెండు గురువుల గగమైనా రావచ్చు. అయిదోది దాదాపు ఎప్పుడూ భ గణమే. ఆరోది రెండక్షరాలు.

ఈనియడ్ మొదటి పంక్తి తెలుగు లిపిలో రాసి చూడండి: అర్మ విరుంక్వె కనో త్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్. చివర కలిపి చదవాలి, ప్రీముసబోరీస్ అని. ఇప్పుడు విడదీద్దాం. అర్మవి, భ గణం. రుంక్వెక, భ గణం. నోత్రో, గగం. యైక్వీ, గగం. ప్రీముస, భ గణం. బోరీస్, గగం. ఉత్పలమాల కూడా భ గణంతోనే మొదలవుతుంది కదా, ఆ ఎత్తుగడ మన చెవికి కొత్తేమీ కాదు.

ఇంకొకటి. పదం చివర అచ్చు ఉండి, తర్వాతి పదం అచ్చుతో మొదలైతే మొదటి అచ్చు చదవడంలో లోపిస్తుంది. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టు. మనం సంధి చేసి రాసేస్తాం, వాళ్లు విడిగా రాసి కలిపి చదువుతారు. అంతే తేడా. యతిప్రాసలు మాత్రం లేవు. పంక్తి మధ్యలో ఒక విరామం ఉంటుంది, అది యతి స్థానం వంటిది, అక్షర మైత్రి లేకుండా.

వ్యాకరణం సంగతి కూడా ఒక్కటి చెప్పి ముగిస్తాను. "నగరం చిక్కగా జనం పారిపోయారు" అంటాం. ఆ "చిక్కగా" లాంటి ప్రయోగానికి లాటిన్‌లో పంచమీ విభక్తి రూపం వాడతారు. సంస్కృతంలో సతి సప్తమి. మనవడి టీచరు దానికి వారం పాఠం చెప్పారట. నేను తెలుగు వాక్యం చెప్పగానే వాడు పట్టేశాడు.

---

లాటిన్‌టీచర్_బర్మింగ్‌హామ్

మాస్టారూ, నమస్కారం. ఆ "చిక్కగా" ఉదాహరణ నా తెలుగు విద్యార్థులకి రేపే చెబుతాను. ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. తెలుగు సాయపడని చోట్లు కూడా ఉన్నాయి. లాటిన్ విశేషణం నామవాచకంతో పాటు లింగ, వచన, విభక్తులు మార్చుకుంటుంది, మన "మంచి" మారదు. "వచ్చిన మనిషి" అని మనం ఒక్క ముక్కలో చెప్పేదాన్ని లాటిన్ "ఎవడు వచ్చాడో ఆ మనిషి" అన్న తీరులో చెబుతుంది. అక్కడ తెలుగు పిల్లలూ అందరితో పాటు తడబడతారు.

---

కోనసీమ_కుర్రాడు

ఇంత పోలిక ఎందుకుందంటే లాటిన్ సంస్కృతం నుంచి పుట్టింది కాబట్టి. తెలుగు కూడా అంతే. అన్నీ మన దగ్గర నుంచి వెళ్లినవే.

---

పాతకాగితాలు

తమ్ముడూ, అలా కాదు. లాటిన్ సంస్కృతం నుంచి పుట్టలేదు, రెండూ ఒకే పాత భాష నుంచి వచ్చాయి. అక్కాచెల్లెళ్లు. తెలుగు వేరే ఇంటిది, ద్రావిడ కుటుంబం. సంస్కృతం నుంచి మాటలు చాలా తీసుకుంది, పునాది మాత్రం వేరు.

ఇందులో మన నేలకి నిజంగా గర్వపడాల్సిన చరిత్ర ఉంది. గాస్తోన్ కర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి, 1691లో పుట్టాడు, తెలుగు ప్రాంతంలో ఏళ్ల తరబడి ఉన్నాడు. తెలుగు, సంస్కృతం నేర్చి తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిసిన నిఘంటువు కూర్చాడు. సెమినరీలో చదువుకున్నవాడు కాబట్టి లాటిన్, గ్రీకు ఎటూ వచ్చు. సంస్కృతం నేర్చుకున్నాక ఆ పోలికలు చూసి, 1767లో పారిస్ పండితులకి ఉత్తరం రాశాడు, ఈ భాషలు ఒకే మూలం నుంచి వచ్చాయని. విలియం జోన్స్ ఇదే మాట చెప్పిన ప్రసిద్ధ ఉపన్యాసం కలకత్తాలో ఇచ్చింది 1786లో. కర్దూ ఉత్తరం అచ్చయ్యేసరికి 1808 వచ్చింది, అప్పటికి పేరంతా జోన్స్‌కి వెళ్లిపోయింది.

తెలుగు వేరే కుటుంబమని మొదట సాక్ష్యాలతో చూపించింది మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, 1816లో, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఇచ్చిన పీఠికా భాగంలో. అంటే లాటిన్ ఎవరికి చుట్టమో, తెలుగు ఎవరికి చుట్టం కాదో, రెండు సంగతులూ తేలడంలో తెలుగు దేశానికి పాత్ర ఉంది. లాటిన్ చదివే తెలుగు పిల్లలకి ఇది తప్పకుండా చెప్పాలి.

---

ఫిరంగిపురం_వాణ్ణి

లాటిన్ మన ఊళ్లకి కొత్త కాదండి. మా అమ్మమ్మకి చదువు రాదు, కానీ కథోలిక చర్చి పూజలో లాటిన్ ప్రార్థనలు గడగడా చెప్పేది. 1960ల్లో రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి మారింది. ఆమె మాత్రం పరలోక జపం లాటిన్‌లోనే చెప్పుకునేది.

మా పాప స్కూల్లో లాటిన్ మొదలుపెట్టినప్పుడు ఆ జపం చదివి వినిపిస్తే అమ్మమ్మ ఉచ్చారణ, టీచర్ ఉచ్చారణ కలవలేదు. ఆకాశాన్ని చర్చిలో "చేలుం" అంటారు, స్కూల్లో "కైలుం" అని నేర్పుతారు. సీజర్ స్కూల్లో "కైసర్". స్కూల్లో నేర్పేది పాత రోమన్ వక్త సిసిరో కాలం నాటి ఉచ్చారణ అని, చర్చిది తర్వాత ఇటలీలో స్థిరపడిందని టీచర్ చెప్పారు. మీ పిల్లలు చర్చి పాటల్లో లాటిన్ విని ఉంటే ఈ తేడా ముందే చెప్పండి, గందరగోళపడరు.

---

మ్యూనిక్_మాధవి

జర్మనీ సంగతి వేరే. ఇక్కడ మ్యూనిక్‌లో జిమ్నాజియంలో (యూనివర్సిటీ చదువుకి సిద్ధం చేసే స్కూలు) ఆరో తరగతి నుంచి రెండో విదేశీ భాష తప్పనిసరి, చాలా చోట్ల ఫ్రెంచి లేదా లాటిన్. కొన్ని పాతకాలపు జిమ్నాజియంలలో అయిదో తరగతిలో లాటిన్‌తోనే మొదలుపెడతారు. దేశం మొత్తం మీద ఇంగ్లీషు, ఫ్రెంచి తర్వాత పిల్లలు ఎక్కువగా చదివేది లాటినే.

మా బాబు ఇండియా నుంచి వచ్చినప్పుడు జర్మనే సరిగ్గా రాదు. ఫ్రెంచి తీసుకుంటే మాట్లాడాలి, వినాలి, మూడు భాషలు కలగాపులగం అవుతాయని భయపడి లాటిన్ తీసుకున్నాం. క్లాసు జర్మన్‌లో జరుగుతుంది, అనువాదం జర్మన్‌లోకి. దాంతో వాడి జర్మన్ వ్యాకరణం గట్టిపడింది, జర్మన్‌కి కూడా విభక్తులుంటాయి కదా. ఎనిమిదో తరగతిలో సీజర్ మొదలయ్యాక మార్కులు పడిపోయాయి. నాలుగుల దాకా వెళ్లాడు, ఇక్కడ ఒకటి అంటే అన్నిటికన్నా మంచిది, నాలుగంటే గట్టున పడినట్టే. వాడు సీజర్ యుద్ధాలు చదవనని ఏడ్చేవాడు. తర్వాత ఒవిడ్ అనే కవి వచ్చాడు, మనుషులు చెట్లుగా, పక్షులుగా మారిపోయే కథలు. అక్కడ మళ్లీ పుంజుకున్నాడు.

చివర్లో లాటినుం అనే సర్టిఫికెట్ వస్తుంది. కొన్ని యూనివర్సిటీ కోర్సులకి అడుగుతారు. ఇక్కడ మెడిసిన్‌కి కూడా అక్కర్లేదు.

---

డాలస్_నాన్న

అమెరికాలో మా అమ్మాయి హైస్కూల్లో లాటిన్ నాలుగేళ్లు. ఇక్కడ పోటీల వాతావరణం బాగుంటుంది. జూనియర్ క్లాసికల్ లీగ్ అని 1936 నుంచి ఉంది. సెర్టామెన్ అనే క్విజ్ ఆడతారు, నలుగురి జట్లు, బజర్లు. పురాణాలు, చరిత్ర, వ్యాకరణం అన్నీ అడుగుతారు. నేషనల్ లాటిన్ ఎగ్జామ్‌లో పతకాలిస్తారు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) లాటిన్‌లో చాలాకాలం వర్జిల్, సీజర్ ఉండేవాళ్లు. 2025-26 నుంచి సీజర్ స్థానంలో చిన్న ప్లీనీ అనే రోమన్ రచయిత ఉత్తరాలు పెట్టారు. నాకు ఈ మార్పు చాలా నచ్చింది. క్రీ.శ. 79లో పాంపేని పూడ్చేసిన వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ప్లీనీకి పదిహేడేళ్లు. కళ్లారా చూశాడు. మేనమామ ఓడలు తీసుకుని జనాన్ని కాపాడడానికి వెళ్లి చనిపోయాడు. ఏళ్ల తర్వాత చరిత్రకారుడు టాసిటస్ అడిగితే ఆ సంగతంతా ఉత్తరంలో రాశాడు. పదిహేడేళ్ల పిల్లలు, అదే వయసులో అది చూసిన మనిషి రాసింది చదువుతారు.

కాలేజీ అడ్మిషన్ కోసమని ఇక్కడ కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని లాటిన్‌లో పడేస్తారు. ఇష్టం లేని పిల్లలు రెండో ఏడాదికే మానేస్తున్నారు. డాక్టర్ గారు చెప్పిందే నా మాట కూడా.

---

లీడ్స్_అమ్మ

మీ అందరి మాటలు చదువుతుంటే సంతోషంగానూ ఉంది, బాధగానూ ఉంది. మాది మామూలు ప్రభుత్వ స్కూలు. 2021లో ప్రభుత్వం 40 లక్షల పౌండ్లతో 40 ప్రభుత్వ స్కూళ్లలో లాటిన్ పెడతామని ప్రకటించింది. అప్పుడు వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం ప్రైవేటు స్కూళ్లలో 49 శాతం, ప్రభుత్వ స్కూళ్లలో 2.7 శాతం మాత్రమే చిన్న తరగతుల్లో లాటిన్ చెబుతున్నాయి. 2022 సెప్టెంబరులో మొదలైంది. 2025 ఫిబ్రవరిలో, విద్యా సంవత్సరం మధ్యలో, డబ్బు ఆపేశారు. జీసీఎస్ఈ సగంలో ఉన్న పిల్లలు ఏం కావాలి?

మా అబ్బాయికి లాటిన్ మీద ఆశ, స్కూల్లో లేదు. మీ అమ్మాయికి స్కూల్లోనే, టీచర్‌తో, టైంటేబుల్లో దొరుకుతోంది. ఆ అవకాశం విలువ లేనివాళ్లకే తెలుస్తుంది. తీసుకోనివ్వండి అక్కా.

---

థేమ్స్‌గట్టు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. శ్రీను గారు, టీచర్ గారు చెప్పిన రెండు ప్రశ్నలూ స్కూల్లో అడిగాం. పదో ఏడులో వారానికి మూడు పీరియడ్లు. పాఠ్యభాగం క్లాసులో లాటిన్‌లోనే చదివిస్తామని, అనువాదం చివర్లో ఇస్తామని చెప్పారు. కంప్యూటర్ సైన్స్ గురించి కూడా అడిగాం. వాళ్ల సిక్స్త్‌ఫార్మ్‌లో ఏ-లెవెల్ కంప్యూటర్ సైన్స్‌కి జీసీఎస్ఈ మ్యాథ్స్ గ్రేడ్ చాలట. ఆ మాటతో మా ఆయన మెత్తబడ్డారు.

ఒక సందేహం మిగిలింది. అమ్మాయి వాళ్ల పుస్తకంలో కేసిలియస్ ఇంట్లో బానిసలు సరదాగా, నవ్వుతూ ఉన్నట్టు చూపించారని, అది తప్పు కదా అని అడుగుతోంది. నాకేం చెప్పాలో తెలియలేదు.

---

లాటిన్‌టీచర్_బర్మింగ్‌హామ్

మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్సు 1970లో మొదలైంది. పాత ముద్రణల్లో బానిసత్వం తేలికగా కనిపిస్తుందని చాలామంది టీచర్లు ఏళ్లుగా అంటూ వచ్చారు. 2022లో ఇక్కడ వచ్చిన అయిదో ముద్రణలో దాన్ని చాలావరకు సవరించారు. ఇంట్లో లూసియా అనే కూతురిని కూడా చేర్చారు. మీ స్కూల్లో పాత ముద్రణే ఉందేమో చూడండి.

కేసిలియస్ నిజమైన మనిషి. పాంపేలో అతని ఇంట్లో 1875లో మైనం పూత పూసిన చెక్క పలకలు నూటయాభైకి పైగా దొరికాయి. అతని వేలం వ్యాపారం లెక్కలు, రసీదులు. అమ్మకాల్లో మనుషుల అమ్మకాలూ ఉన్నాయి. అమ్మాయికి ఆ పలకల గురించి చదవమని చెప్పండి. రోమన్లని మెచ్చుకోవడానికే లాటిన్ చదవక్కర్లేదు. వాళ్లు ఏం చేశారో వాళ్ల మాటల్లోనే తెలుసుకుని నిలదీయడానికి కూడా చదవాలి.

---

స్లౌ_శ్రీను

వారానికి మూడు పీరియడ్లు, లాటిన్‌లోనే చదివించడం అంటే నా అభ్యంతరం లేదు. తీసుకోనివ్వండి. మా వాడికి ఆ టీచర్ దొరికి ఉంటే బావుండేది.

---

థేమ్స్‌గట్టు

ఫారం ఇచ్చేశాం. లాటిన్, హిస్టరీ, జాగ్రఫీ. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ వాళ్ల నాన్న శనివారాలు ఇంట్లో నేర్పుతారట. వేసవిలో ఏం చేస్తే బాగుంటుంది టీచర్ గారూ? మాస్టారూ, గురులఘువులు అమ్మాయికి మొదట తెలుగులో నేర్పాలా, లాటిన్‌లోనా?

---

పద్యాభిమాని

ముందు తెలుగులోనే అమ్మా. సుమతి శతకం చాలు, కందపద్యంలో గణాలు గుర్తించడం వస్తే మిగతావి తేలిక. పద్యం పైకి చదివించండి, కాగితం మీద గుర్తులు పెట్టడం తర్వాత. ఆదివారం సాయంత్రం మీకు వీలైతే నేను వీడియో కాల్‌లో చెబుతాను, మనవడు కూడా ఉంటాడు.

---

లాటిన్‌టీచర్_బర్మింగ్‌హామ్

వేసవిలో కొత్త పాఠాలు వద్దు. బోర్డు పదాల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీసి వచ్చిన మాటలు కొట్టేయమనండి. తొమ్మిదో ఏడులో చదివిన కథలు మళ్లీ మొదటి నుంచి, పైకి, నిఘంటువు చూడకుండా చదవమనండి. క్రియాపదాలకు నాలుగు మూల రూపాలుంటాయి, పదో ఏడులో అవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. తరచుగా వచ్చే క్రియలకైనా ఆ రూపాలు ఇప్పుడే నోటికి వస్తే సెప్టెంబరులో తన పని సగం తగ్గుతుంది.